గాలి ఎంత ఉంటే గాలం ఇంట్లో ఉండాలి?

ఆషాఢంలో ఒక ఆదివారం అనుకుందాం. కర్నూలులో ఒకాయన కొత్తగా కొన్న కయాక్‌ను, అంటే తెడ్డుతో నడిపే చిన్న పడవను, కారు మీద కట్టుకుని చేపల వేటకు బయలుదేరబోతున్నాడు. టీవీలో కింద వరుస నడుస్తోంది: తీరం వెంబడి గంటకు 45 నుంచి 55 కిలోమీటర్లు, అప్పుడప్పుడు 65 కిలోమీటర్ల వేగంతో గాలులు, మత్స్యకారులు వేటకు వెళ్లరాదు. ఫోను చూస్తే కర్నూలుకు గాలి వేగం 18 అని ఉంది. ఆయన మనసులో లెక్క క్షణంలో తేలిపోయింది. ప్రమాదం 45 దగ్గర మొదలవుతుంది, మన దగ్గర ఉన్నది 18, అందులో సగం కూడా కాదు. పదండి.

ఈ లెక్కలో కూడిక, తీసివేత తప్పేమీ లేదు. తప్పంతా ఆ రెండు అంకెలను పక్కపక్కన పెట్టడంలో ఉంది.

సముద్రానికి ఇచ్చే హెచ్చరిక మన చెరువుకు ఎందుకు సరిపోదు

తీరం కోసం వాతావరణ శాఖ ఇచ్చే హెచ్చరిక ఇంజను ఉన్న మరపడవలను, అలలకు తట్టుకునేలా కట్టిన నావలను, తరాలుగా సముద్రం ఎరిగిన మనుషులను దృష్టిలో పెట్టుకున్నది. కయాక్ సంగతి వేరు. అది మూడు, నాలుగు మీటర్ల పొడవున్న తేలికైన ప్లాస్టిక్ డొల్ల. దానికి ఇంజను కూర్చున్నవాడి రెండు భుజాలే. వెదురు అల్లి తారు పూసిన మన పుట్టికి ఆ పొడవు కూడా లేదు. గుండ్రటి బుట్ట కాబట్టి గాలి ఎటు నెడితే అటు పోతుంది, పోతూ పోతూ తిరుగుతుంది కూడా.

కయాక్ మీద వేటాడేవారిలో ఎక్కువగా వినిపించే లెక్క సుమారుగా ఇలా ఉంటుంది. గంటకు 15 కిలోమీటర్ల లోపు అయితే కొత్తవారికీ ఇబ్బంది లేదు. 15 నుంచి 25 మధ్య అలవాటున్నవారికే. 28 దాటితే అలవాటున్నవారు కూడా ఒడ్డునే ఉంటారు. అంటే సముద్రపు హెచ్చరిక మొదలయ్యే వేగానికి చాలా ముందే కయాక్ కథ ముగుస్తుంది. అయితే ఈ అంకెలు కూడా ఒక మొదలు మాత్రమే. అదే 18 ఒకచోట హాయిగా ఉంటుంది, ఇంకోచోట ప్రాణం మీదికి తెస్తుంది. ఎందుకో తెలియాలంటే ఫోనులోని ఆ అంకె ఏమిటో ముందు చూడాలి.

ఒకే ‘8’కు నాలుగు అర్థాలు

గాలి వేగాన్ని కొన్ని యాప్‌లు గంటకు కిలోమీటర్లలో, కొన్ని సెకనుకు మీటర్లలో, కొన్ని మైళ్లలో, కొన్ని నాట్‌లలో చూపిస్తాయి. నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు, అంటే 1.852 కిలోమీటర్లు. తెర మీద ‘8’ కనబడిందనుకోండి. అది కిలోమీటర్లలో అయితే ఆకు కదిలే పిల్లగాలి. మైళ్లలో అయితే 13 కిలోమీటర్లు. నాట్‌లలో అయితే దాదాపు 15. సెకనుకు మీటర్లలో అయితే 29, ఇంట్లో ఉండవలసిన గాలి. అంకె పక్కన చిన్న అక్షరాల్లో ఉండేదాన్ని ఎవరూ చదవరు. తగాదా అక్కడే ఉంది.

రెండోది, ఆ అంకె సగటు. నేల నుంచి పది మీటర్ల ఎత్తులో, కొన్ని నిమిషాల పాటు వీచిన గాలిని సగటు చేసి చెప్పే వేగం అది. పైగా యాప్ చెప్పేది కొన్ని కిలోమీటర్ల మేర ఉన్న ప్రాంతానికంతటికీ వేసిన అంచనా. అందులో ఊరుంటుంది, పొలాలుంటాయి, చెట్లుంటాయి. చెట్టూ గోడా లేని నునుపైన నీటి మీద అదే గాలి ఇంకాస్త వేగంగా పోతుంది. కర్నూలు వీధిలో చొక్కా అంచు కదిలించిన గాలి సంగమేశ్వరం దగ్గర టోపీ ఎగరగొట్టడానికి కారణం అదే.

మూడోది విసురు. సగటు గాలి మధ్యలో కొన్ని సెకన్ల పాటు వచ్చి పోయే బలమైన తోపు. చాలా యాప్‌లు దీన్ని సగటు కింద వేరే వరుసలో చూపిస్తాయి. కయాక్‌ను తిరగేసేది ఎక్కువగా ఈ రెండో వరుసే.

వేగం రెట్టింపైతే తోపు నాలుగింతలు

20 కిలోమీటర్ల గాలి కంటే 40 కిలోమీటర్ల గాలి రెట్టింపు బలమైనదని అనుకోవడం సహజం. కానీ గాలి నెట్టే బలం వేగానికి వర్గంగా పెరుగుతుంది. 20 కిలోమీటర్ల గాలి తనకు ఎదురుగా ఉన్న ఒక చదరపు మీటరు పలక మీద సుమారు 1.9 కిలోల బరువు మోపినంత ఒత్తిడి పెడుతుంది. 40 అయితే అదే పలక మీద 7.5 కిలోలు. వేగం రెండింతలు, బలం నాలుగింతలు.

మన కర్నూలు ఆసామి ఫోనులో సగటు 18, విసురు 34 అని ఉందనుకుందాం. 18 దగ్గర ఒత్తిడి చదరపు మీటరుకు 1.5 కిలోలు, 34 దగ్గర 5.5. అంటే ప్రయాణం పొడుగునా కిలోన్నర తోపుకు అలవాటు పడిన శరీరం మీద, చెప్పాపెట్టకుండా, దాదాపు మూడున్నర రెట్ల తోపు పడుతుంది. చేప గాలానికి పడి, ఆయన ఒక పక్కకు ఒరిగిన క్షణంలో అది వస్తే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. సగటు 22, విసురు 25 ఉన్న రోజు కంటే సగటు 15, విసురు 35 ఉన్న రోజు చెడ్డదని అనుభవజ్ఞులు అనేది ఇందుకే. మొదటిది నిలకడైన గాలి, దానితో బేరమాడవచ్చు.

అలను పెంచేది గాలి ఒక్కటే కాదు, నీటి పొడవు కూడా

అల ఎత్తును మూడు విషయాలు నిర్ణయిస్తాయి: గాలి వేగం, అది ఎంతసేపు వీచింది, అడ్డంకి లేకుండా ఎంత దూరం నీటి మీద పరుగెత్తింది. ఈ మూడోదాన్ని నావికులు ఫెచ్ అంటారు. మనం గాలి పరుగు అనుకుందాం. పడమటి గాలి వీస్తుంటే పడమటి ఒడ్డు నుంచి మీరున్న చోటు వరకు ఉన్న నీటి పొడవే గాలి పరుగు.

సెకనుకు 10 మీటర్ల గాలి, అంటే గంటకు 36 కిలోమీటర్లు, నిలకడగా వీస్తోందనుకుందాం. ఇంజనీర్లు వాడే సూత్రంతో లెక్కిస్తే రెండు వందల మీటర్ల కుంటలో సుమారు 7 సెంటీమీటర్ల అల లేస్తుంది. రెండు కిలోమీటర్ల చెరువులో 23 సెంటీమీటర్లు. ఎనిమిది కిలోమీటర్ల జలాశయంలో, గాలి గంటన్నరకు పైగా ఆగకుండా వీస్తే, 45 సెంటీమీటర్లు. పరుగు నాలుగింతలైతే అల రెట్టింపవుతుంది. అర మీటరు అల అంటే సముద్రం మీద లెక్కలోకి రాదు. జలాశయంలో లేచే అలలు మాత్రం పొట్టివి, నిటారైనవి, ఒకదాని వెంట ఒకటి తరుముకొస్తాయి. కయాక్ ఒక అల దిగేలోపు రెండోది ముక్కు మీదికి ఎక్కుతుంది. పుట్టి అంచు నీటికి జానెడు ఎత్తులోనే ఉంటుంది.

రాయలసీమ జలాశయాల్లో ఇక్కడ ఒక చిక్కు ఉంది. వాటి కొలత ఏడాదంతా ఒకేలా ఉండదు. శ్రీశైలం వెనుక జలాలు వేసవిలో ఎంతగా వెనక్కి పోతాయంటే, నెలల తరబడి మునిగి ఉండే సంగమేశ్వరాలయం బయటపడి పూజలందుకుంటుంది. కృష్ణకు వరద వచ్చాక అదే చోట చూపు ఆనని నీరు. మే నెలలో అర కిలోమీటరు పాయగా ఉన్న చోట ఆగస్టుకు గాలి పరుగు కొన్ని కిలోమీటర్లు కావచ్చు. యాప్‌లో అంకె రెండు నెలల్లోనూ 20 అనే ఉంటుంది. ‘పోయిన వేసవిలో ఇదే గాలికి హాయిగా తిరిగొచ్చాం’ అనే మాట నిజమే అయినా సాక్ష్యానికి పనికిరాదు.

గండికోట లోయలో లెక్క మళ్లీ మారుతుంది. ఎర్రమల కొండలను పెన్న కోసిన ఆ ఇరుకులో గాలి లోయ వెంబడే వీస్తే గొట్టంలోకి ఊదినట్టు వేగం పుంజుకుంటుంది. లోయకు అడ్డంగా వీస్తే రాతి గోడలు కాపాడుతున్నట్టే ఉండి, ఉన్నట్టుండి పైనుంచి విసురుగా దిగుతుంది. యాప్‌కు ఈ గోడల సంగతి తెలియదు.

నిశ్చలంగా కనబడే ఒడ్డు

కొత్తవారు ఎక్కువగా మోసపోయేది ఇక్కడ. గాలి మన వీపు వైపు నుంచి, అంటే ఒడ్డు మీదుగా నీటి మీదికి వీస్తుంటే, ఒడ్డు దగ్గర గాలి పరుగు సున్నా. కాబట్టి అలలుండవు. వెనక కట్టో, చెట్లో ఉంటే గాలి కూడా తగలదు. నీరు అద్దంలా ఉంటుంది. దిగి రెండు తెడ్లు వేయగానే కయాక్ తేలిగ్గా సాగుతుంది. ‘ఈ రోజు చేయి బాగా పడుతోంది’ అనిపిస్తుంది. పడుతున్నది గాలి చేయి.

వెలుగోడు వంటి, తూర్పున నల్లమల ఉన్న జలాశయాన్ని తీసుకోండి. జూన్ నుంచి ఆగస్టు వరకు మన దగ్గర పడమటి గాలులదే రాజ్యం. పడమటి ఒడ్డున దిగినవారిని అవి అడవి వైపు నెడతాయి. గాలి వాటున గంటకు 6 కిలోమీటర్ల చొప్పున రెండు కిలోమీటర్లు పోయారనుకుందాం, ఇరవై నిమిషాలు పట్టింది. తిరుగు ప్రయాణం గాలికి ఎదురు. వేగం రెండు కిలోమీటర్లకు పడిపోతే గంట పడుతుంది. గాలి ఇంకొంచెం పెరిగి వేగం ఒక కిలోమీటరైతే రెండు గంటలు. భుజాలు అలిసి వేగం సున్నాకు దగ్గరైతే ఆ ప్రయాణానికి ముగింపే లేదు. తెడ్డు ఆపిన ప్రతి నిమిషం వెనక్కి పోతూనే ఉంటారు.

అదే మనిషి ముందు గాలికి ఎదురు వెళ్లి ఉంటే? మొదటి అరగంటలోనే ఒళ్లు అలిసి విషయం తెలిసొచ్చేది, తిరుగు దారిలో గాలే ఒడ్డుకు చేర్చేది. వేగం రెండు సందర్భాల్లోనూ ఒకటే. దిక్కు మాత్రమే మారింది.

పొద్దున లేని గాలి పదింటికి ఎక్కడి నుంచి వస్తుంది

తెల్లవారుజామున నీరు కదలదు. తొమ్మిదింటికి ముడతలు పడుతుంది. పదకొండింటికి తెల్లనురుగు. ఆషాఢంలో దాదాపు రోజూ ఇదే వరస.

రాత్రి నేల చల్లబడి, దాన్ని ఆనుకున్న గాలి కూడా చల్లబడి బరువెక్కి కిందే పరుచుకుంటుంది. పైన వేగంగా వీచే గాలికి ఈ చల్లటి పొర మూతలా అడ్డుపడుతుంది. గాలి ఆగిపోలేదు, మన నెత్తి మీదుగా పోతోంది. ఎండెక్కి నేల వేడెక్కేసరికి కింది గాలి పైకి లేస్తుంది, పైనున్న వేగం కిందికి దిగుతుంది. మధ్యాహ్నానికి అది తారస్థాయికి చేరి, పొద్దుగూకాక మళ్లీ సద్దుమణుగుతుంది.

దీన్ని కంటితో చూడటానికి అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల వారికి ఒక సౌకర్యం ఉంది. రామగిరి చుట్టుపక్కల కొండల మీద గాలిమరలు ఉన్నాయి. మామూలు గాలిమర గంటకు 11 కిలోమీటర్ల గాలికే తిరగడం మొదలుపెడుతుంది కాబట్టి, అది తిరుగుతోందన్నంత మాత్రాన భయపడనవసరం లేదు. కానీ కింద వేపాకు కదలని వేళ కొండ మీద రెక్కలు జోరుగా తిరుగుతున్నాయంటే, పైన గాలి సిద్ధంగా ఉందని, మూత తీయడమే తరువాయి అని అర్థం చేసుకోవచ్చు. రెక్కల ముఖం ఎటు తిరిగి ఉందో గాలి అటు నుంచి వస్తుంది. పెన్న అహోబిలం జలాశయానికో, చిత్రావతికో పోయేవారికి ఇంత పెద్ద గాలి సూచిక ఇంకొకటి ఉండదు. దాన్ని అక్కడ నిలిపినవారు చేపలవారి కోసం నిలపలేదు, అంతే.

కాబట్టి బయలుదేరేటప్పుడు ఉన్న గాలి అసలు ప్రశ్న కాదు. తిరిగొచ్చే వేళకు ఉండబోయే గాలిని చూడాలి.

మే నెల గాలివానకు వేరే లెక్క

పైన చెప్పినదంతా క్రమంగా పెరిగే గాలికి. ఏప్రిల్, మే నెలల సాయంత్రాల గాలివానకు క్రమం లేదు. ఎదిగిన ఉరుముల మేఘం నుంచి వానతో పాటు చల్లగాలి కిందికి కుప్పకూలి, నేలను తాకి అన్ని వైపులకూ పరుగెడుతుంది. వాన కంటే ముందే మనల్ని చేరుతుంది. ఎర్రదుమ్ము గోడలా లేవడం, ఉక్కపోతలో ఒక్కసారిగా చల్లటి ఊపిరి తగలడం, అప్పటిదాకా ఒక వైపు నుంచి వీస్తున్న గాలి దిక్కు మార్చడం దాని గుర్తులు. గాలి ఒక్కసారిగా కనీసం 16 నాట్‌లు పెరిగి, 22 నాట్‌లు దాటి, ఒక నిమిషమైనా నిలిస్తే దాన్ని వాతావరణ శాస్త్రంలో స్క్వాల్ అంటారు. మన భాషలో ఈదురుగాలి.

మెరుపు కనబడిన తర్వాత ఉరుము వినబడటానికి ముప్పై సెకన్లు పట్టిందంటే మేఘం పది కిలోమీటర్ల దూరంలో ఉంది, ఎందుకంటే శబ్దం కిలోమీటరుకు మూడు సెకన్లు తీసుకుంటుంది. అక్కడి నుంచి చల్లగాలి గంటకు 50 కిలోమీటర్లతో బయలుదేరితే పన్నెండు నిమిషాల్లో చేరుతుంది. ఒడ్డుకు కిలోమీటరు దూరంలో ఉన్న కయాక్ గంటకు నాలుగు కిలోమీటర్లతో వెనక్కి రావడానికి పదిహేను నిమిషాలు. ఉరుము విన్నాక గాలం చుట్టడం మొదలుపెట్టినవాడికి ఆ మూడు నిమిషాలు తక్కువ పడతాయి.

2024 మే 21న మహారాష్ట్రలోని ఉజని జలాశయంలో కలాశి, కుగావ్ ఊళ్ల మధ్య నడిచే పడవ సాయంత్రం ఈదురుగాలికి తిరగబడింది. ఒకరు ఈది ఒడ్డు చేరారు, ఆరుగురు మునిగిపోయారు. భీమా నది మీది ఆ జలాశయం కూడా మన జలాశయాల్లాగే మెట్ట నేలల మధ్య విస్తరించిన నీరు. అలాంటి రోజుల్లో యాప్‌లోని గంటవారీ సగటు పెద్దగా ఏమీ చెప్పదు. మూడు గంటల ముందుచూపుతో జిల్లాలవారీగా వాతావరణ శాఖ ఇచ్చే ఉరుముల హెచ్చరికలో ‘గంటకు 40–50 కిలోమీటర్ల ఈదురుగాలులు’ అని ఉంటే దాన్ని సగటుగా కాక విసురుగానే చదువుకోవాలి. పిడుగుల జాడ చెప్పే దామిని యాప్ కూడా ఇక్కడ అక్కరకొస్తుంది.

అంకెను నమ్మేవారు, కన్నును నమ్మేవారు

ఈ విషయంలో రెండు వర్గాలున్నాయి. మొదటివారు ఒక అంకె పెట్టుకుని, అది దాటితే కదలరు. వారి వాదనలో బలం ఉంది. కయాక్ కట్టి, పెట్రోలు పోసి, వంద కిలోమీటర్లు వచ్చాక నీటిని చూసి నిర్ణయించబోతే మనసు ఎప్పుడూ ‘వెళ్దాం’ అనే అంటుంది. ఇంట్లో పెట్టుకున్న గీతకు ఆశ అంటదు.

రెండోవారు నీటిని చూస్తే చాలంటారు. వారికీ పాత ఆధారం ఉంది. 1805లో బ్రిటిష్ నౌకాదళ అధికారి ఫ్రాన్సిస్ బోఫర్ట్ గాలికి మెట్లు కట్టినప్పుడు కొలిచే పరికరం వాడలేదు, గాలి చేసే పనిని బట్టే కట్టాడు. ఆ కొలమానాన్ని తర్వాత నేలకూ వర్తింపజేశారు. ఆకులు, చిన్న రెమ్మలు ఆగకుండా కదులుతుంటే మూడో మెట్టు, గంటకు 12 నుంచి 19 కిలోమీటర్లు. దుమ్ము, కాగితాలు లేస్తే నాలుగు, 20 నుంచి 28. చిన్న చెట్లు మొత్తంగా ఊగి, చెరువుల్లో నురుగు తలల అలలు కనబడితే ఐదు, 29 నుంచి 38. కరెంటు తీగలు ఈల వేస్తే ఆరు. ఈ గుర్తులకు సిగ్నల్ అవసరం లేదు, నల్లమల అంచున అది చిన్న విషయం కాదు. అయితే కన్ను చూసేది ఇప్పటి గాలిని. పదకొండింటి గాలిని ఆరింటికి చూడలేదు. నాకు ఈ రెండు వర్గాల తగాదాలో పెద్ద అర్థం కనబడదు. అంకె రాబోయేదాన్ని చెబుతుంది, కన్ను వచ్చినదాన్ని చెబుతుంది.

గాలి అసలు శత్రువే కాదనేవారు కూడా ఉన్నారు, వారిని కొట్టిపారేయలేం. కాస్త అలజడి ఉంటే నీటిలో ఆక్సిజన్ కలుస్తుంది, నాచు, చిన్న పురుగులు గాలి వాటున ఒక ఒడ్డుకు చేరతాయి, వాటి వెంట చిన్న చేపలు, వాటి వెంట పెద్దవి. నీటి మీది ముడతల వల్ల పైనున్న మనిషి నీడ చేపకు సరిగా కనబడదు. బొమ్మలా కదలని నీటి కంటే పది, పన్నెండు కిలోమీటర్ల గాలిలో గాలం బాగా పడుతుందని వేటగాళ్లు అనేది వట్టి మాట కాదు. చిక్కేమిటంటే చేపలు గుమిగూడేది గాలి కొట్టే ఒడ్డునే, అలలు పెద్దగా ఉండేదీ అక్కడే. ఆ ఒడ్డున నేల మీద నిలబడి గాలం వేసేవాడికి రెండు లాభాలూ దక్కుతాయి. ఇది కయాక్ కొన్నవారికి నచ్చే మాట కాదు.

ఇంకొక వాదన విదేశీ పట్టికల గురించి. అక్కడి హెచ్చరికలు చల్లటి నీటిని దృష్టిలో పెట్టుకున్నవి, పడితే నిమిషాల్లో ఒళ్లు కొంకర్లు పోయే నీరు. మన జలాశయాల నీరు గోరువెచ్చగా ఉంటుంది కాబట్టి గీతను కాస్త పైకి జరపవచ్చని కొందరంటారు. చలి విషయంలో అది నిజం. కానీ అక్కడ లైఫ్ జాకెట్ వేసుకోవడం మామూలు, పిలిస్తే వచ్చే పడవ ఉంటుంది. ఇక్కడ జాకెట్ చాలాసార్లు కారు డిక్కీలో ఉంటుంది, పిలుపు అందే దూరంలో మేకలు కాసే మనిషి ఉంటే అదృష్టం. నీటి అడుగున మునిగిన చెట్ల మోళ్లు ఉంటాయి. వెచ్చదనం ఇచ్చిన వెసులుబాటును ఇవన్నీ తిరిగి లాగేసుకుంటాయి.

వల నీటిలో ఉన్నవాడి లెక్క

ఇప్పటిదాకా చెప్పినది సరదా వేటకు. పుట్టి మీద బతికేవారికి ఇదే ప్రశ్న వేరే రూపంలో వస్తుంది. వారు సాయంత్రం వల కట్టి వస్తారు, తెల్లవారుజామున తీస్తారు. రాత్రి గాలి లేచినా వల నీటిలోనే ఉంది. తీయకపోతే పడిన చేప చెడుతుంది, అల వలను మోళ్లకు చుట్టేస్తుంది, వల ఖరీదు ఒక రోజు కూలితో తీరదు. ‘ఈ రోజు మానేద్దాం’ అనే వీలు కయాక్ ఆసామికి ఉన్నంత తేలిగ్గా వారికి లేదు. అందుకే వారి నిర్ణయం ముందు రోజు సాయంత్రం, వల ఎక్కడ కట్టాలన్న దగ్గరే జరుగుతుంది. గాలి తిరిగే కాలంలో నడి జలాశయం వదిలి, పడమటి ఒడ్డు చాటున, కోనల్లో కడతారు. ఫెచ్ అన్న మాట విననవసరం లేకుండానే.

మన కర్నూలు ఆసామి దారిలో ఉగ్గాని, బజ్జీ తిని, తొమ్మిదిన్నరకు ఒడ్డు చేరి కయాక్ తాళ్లు విప్పుతుంటాడు. అప్పటికే పుట్టిలు ఒడ్డున బోర్లించి ఉంటాయి, గాలికి దొర్లిపోకుండా ఒక్కోదాని మీద ఒక రాయి.